ఇడ్లీ పాత్రలో షటిళ్ళు

ఈమధ్య మా వీధిలో షటిల్ నేర్చుకుంటున్న అమ్మాయి ఒకతె నన్ను అడిగింది, "అమ్మమ్మా, మీ కాలంలో మీకు కోచ్ ఎవరు?" అని. నాకు నవ్వొచ్చింది. తిరుపతిలో ఆడవాళ్ళు రాకెట్టు పట్టుకుని సైకిలెక్కితేనే జనం ఆగి చూసే రోజులవి. కోచ్ మాట దేవుడెరుగు, ఆడటానికి నాలుగు గోడల మధ్య జాగా దొరికితే అదే పదివేలు. ఆ పిల్లకి అప్పుడేదో చెప్పి పంపించేశాను గానీ, చెప్పాల్సిన కథ మాత్రం ఇది. డబుల్స్ ఆడేవాళ్ళు కాస్త చెవి పెట్టి వినండి. ఇందులో నేను గొప్పగా కనిపించే చోట్లు తక్కువని ముందే చెబుతున్నాను.

నాకు ఉద్యోగం వచ్చిందే ఆటవల్ల. డెబ్బయ్యో దశకంలో కాలేజీ జట్టుకి, తర్వాత యూనివర్సిటీకి ఆడాను. ఆ సర్టిఫికెట్లు చూసి ఒక ప్రభుత్వ శాఖలో గుమాస్తాగా తీసుకున్నారు. పొద్దున ఆట, పగలు ఫైళ్ళు, సాయంత్రం మళ్ళీ ఆట. ఏడాదికొకసారి మా శాఖ ఉద్యోగులకి రాష్ట్ర స్థాయి పోటీలు జరిగేవి, ఒక్కో డివిజను నుంచి ఒక్కో జట్టు. తిరుపతి ఒక డివిజను, చిత్తూరు ఇంకొకటి. కప్పు తెస్తే ఆఫీసరు గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించేవారు. తేకపోతే పెండింగు ఫైళ్ళు గుర్తొచ్చేవి. "ఎగిరి గంతులేసినందుకు జీతమిస్తారంట" అని మా చుట్టాలు పెళ్ళిళ్ళలో నన్ను వేలెత్తి చూపించేవాళ్ళు. నాకసలే ముక్కు మీద కోపం. వాళ్ళతో పోట్లాడి సగం పెళ్ళిళ్ళలో భోజనం చెయ్యకుండా వచ్చేశాను.

నా జోడీ మా ఆఫీసులోనే టైపిస్టు. నాకంటే మూడేళ్ళు చిన్నది. చిత్తూరు మనిషి. భర్త అక్కడ బెల్లం మండీలో పని చేసి మండీలోనే పడుకునేవాడు, ఆదివారాలు వచ్చి పోయేవాడు. ఈమె ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని తిరుపతిలో ఒక గదిలో ఉండేది. నాలుగేళ్ళుగా టెంపరరీ. అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియదేమో. మూడు నెలలకొకసారి ఒక్కరోజు ఉద్యోగంలోంచి తీసేసి, మర్నాడు మళ్ళీ వేసుకునేవాళ్ళు. ఆ ఒక్కరోజూ ఆమె మొహం చూడలేకపోయేవాళ్ళం.

ఆమె ఆడుతుందని తెలిసిన మొదటి రోజే కోర్టులోకి తీసుకుపోయి చెప్పేశాను, "నేను ముందర, నువ్వు వెనక" అని. నెట్ దగ్గర నిలబడి, వచ్చిన షటిల్‌ని ఠపీమని కింద కొట్టడం నా పని. వెనక గీత దగ్గర నుంచి షటిల్‌ని ఎత్తుగా, దూరంగా, అవతలివాళ్ళ వెనక గీత దాకా పంపిస్తూ వాళ్ళని అలిసిపోయేట్టు చెయ్యడం ఆమె పని. చప్పట్లన్నీ ముందర నిలబడినవాళ్ళకే వస్తాయి. చాకిరీ అంతా వెనక ఉన్నవాళ్ళది. ఆమె "సరే అక్కా" అంది. నాలుగేళ్ళు అట్లాగే ఆడాం, రెండుసార్లు సెమీఫైనల్ దాకా పోయాం కూడా.

ఆ ఏడు రాష్ట్ర పోటీలు తిరుపతిలోనే పెట్టారు. పోటీలకు నెల ముందు మా ఆఫీసరు మమ్మల్నిద్దరినీ పిలిచారు. మంచి మనిషే గానీ మాటలు కొలిచి మాట్లాడేవారు.

"జూన్‌లో సెలక్షనైన టైపిస్టు వస్తున్నాడమ్మా. ఆయన వచ్చి చేరితే నీకు ఇక్కడ కుర్చీ ఉండదు. నా చేతిలో ఉన్నది ఒక్కటే. రాష్ట్ర పోటీల్లో ఫైనల్ ఆడిన మనిషి అని రాసి, క్రీడాకారుల కోటాలో పర్మనెంటు చెయ్యమని ఫైలు పంపించగలను. సెమీస్‌లో ఓడిపోతే ఆ మాట రాయలేను. అర్థమైందా?"

ఆమె తలూపింది. బయటికొచ్చాక వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. "ఉద్యోగం పోతే పిల్లల్ని తీసుకుని మా అత్తోళ్ళ పల్లెకి పోవాల్సిందే అక్కా. ఆడ బడి కూడా లేదు" అంది. "ఎందుకు పోతాది మే? ఫైనల్‌కి తీసుకుపోయే పూచీ నాది" అన్నాను. నా నోరు అట్లాంటిది.

పోటీలకి జాగా దొరకడమే పెద్ద తిప్పలైంది. అది ముహూర్తాల కాలం. తిరుపతిలో ఒక్క కల్యాణ మండపం ఖాళీ లేదు. చివరికి రేణిగుంట దారిలో శెనక్కాయల గోడౌను ఒకటి అడిగి తీసుకున్నారు. మూటలు ఒక పక్కకి జరిపి, సున్నంతో గీతలు గీసి, నెట్లు కట్టారు. పైన జింకు రేకులు. లోపలికి పోతే పెనం మీద నిలబడినట్టు ఉండేది. ఎంత ఊడ్చినా ఎక్కడినుంచో శెనక్కాయ పొట్టు ఎగిరొచ్చి కాళ్ళ కింద పడేది.

ఇక్కడ షటిళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. షటిల్ బాతు ఈకలతో చేసేది. మా ఎండలకి ఆ ఈకలు ఎండిపోయి, నాలుగు దెబ్బలకే పుటుక్కున విరిగేవి. అందుకని ముందురోజు సాయంత్రం వాటికి కాస్త ఆవిరి పట్టించి, రాత్రంతా నీడలో ఆరబెట్టేవాళ్ళం. మా ఆఫీసులో ఆ పని నా జోడీదే. ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరుగుతుంటే పైన డబ్బా పట్టుకుని, ముప్ఫై లెక్కపెట్టి తీసేసేది. ఆమె చేతి షటిళ్ళు రెండు రెట్లు ఎక్కువ కాలం వచ్చేవని మగవాళ్ళ జట్టు కూడా ఒప్పుకునేది. పోటీలు మావే కాబట్టి మహిళల డబుల్స్‌కి షటిళ్ళు సిద్ధం చేసే పని కూడా మాకే పడింది.

సెమీఫైనల్‌కి ముందురోజు ఆమెను పోటీల కాగితాలు, సర్టిఫికెట్లు టైపు చెయ్యమని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. వేళ్ళు వాచిపోయాయి. నేను చూసి, "నువ్వు ఇంటికి పో. షటిళ్ళు నేను చూసుకుంటా" అన్నాను.

"ముప్పై లెక్కబెట్టేంత సేపే అక్కా. ఎక్కువైతే ఈకలు మెత్తబడిపోతాయి. మూత మాత్రం పెట్టొద్దు."

"నాకు చెప్తావా మే నువ్వు? పో, పోయి పండుకో."

చెప్పానే గానీ, ఇంటికి పోగానే నిద్ర ముంచుకొచ్చి పడుకుండిపోయాను. పొద్దున లేచాక గుర్తొచ్చింది. నేను ఒకావిడ ఇంట్లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. పెద్దావిడ అప్పుడే పొయ్యి మీద ఇడ్లీ పాత్ర పెడుతోంది. డబ్బా పట్టుకుని ముప్ఫై లెక్కపెడుతూ నిలబడే ఓపిక నాకెక్కడిది? చూస్తే ఇడ్లీ ప్లేట్లో గుంటలున్నాయి. షటిల్ కార్కు ఆ గుంటలో చక్కగా కుదురుకుంది. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. డజను షటిళ్ళూ మూడు ప్లేట్లలో వరసగా పేర్చి, పాత్రలో దించి, మూత పెట్టేసి, తల దువ్వుకోవడానికి పోయాను.

కాసేపటికి వంటింట్లోంచి కేక. "ఏం పాపా, ఈ పొద్దు టిఫినుకు బాతు ఈకలా? చట్నీ యాడుండాదో నువ్వే సూసుకో మరి!"

పరిగెత్తిపోయి తీశాను. ఈకలు తడి కోడిపిల్లల్లా ఉన్నాయి. ఎండలో పెడితే పైకి ఆరినట్టే కనిపించాయి. బాగానే ఉన్నాయిలే అనుకున్నాను. అంతకంటే ఆలోచించలేదు, నిజం.

సెమీఫైనల్ మధ్యాహ్నం నాలుగింటికి. అవతలివాళ్ళు కోస్తా నుంచి వచ్చిన జోడీ, ఇద్దరూ ఒడ్డూ పొడుగూ. ఆట మొదలుపెట్టే ముందు అంపైరు షటిల్ పరీక్షించమని నాకే ఇచ్చాడు. నా చేతికి మొదటినుంచీ బలం ఎక్కువ. గట్టిగా లాగి కొట్టాను, అవతలి గీత దగ్గర పడింది. "సరే" అన్నాడు.

అక్కడినుంచి మొదలైంది మా దరిద్రం. నా జోడీ వెనకనుంచి ఎంత ఎత్తి కొట్టినా షటిల్ సగం దూరంలో నీరసంగా దిగిపోయేది. అవతలివాళ్ళు కాచుకుని కూర్చుని ఫెడీ ఫెడీమని కొట్టేవాళ్ళు. సముద్రం గాలిలో ఆడి పెరిగినవాళ్ళకి చెమ్మపట్టి బరువెక్కిన షటిల్ అలవాటే. మా ఊళ్ళో, మా గోడౌన్లో, నా చేతులారా వాళ్ళకి వాళ్ళ ఊరి షటిల్ తయారుచేసి పెట్టాను. మొదటి గేము పదిహేను–నాలుగు. మా చేతిలో నాలుగు.

గేముకీ గేముకీ మధ్య ఆమె మోచెయ్యి పట్టుకుని మూట మీద కూర్చుంది. "ఏమైంది అక్కా ఈ షటిళ్ళకి? ఎంత కొట్టినా పోవడంలేదే. చెయ్యి పడిపోతాండాది."

దాచిపెడదామనే అనుకున్నాను ఒక్క క్షణం. ఆమె మొహం చూశాక చేతకాలేదు.

"నేనే మే. నేనే ఉడకబెట్టినా. ఇడ్లీ ప్లేట్లో పెట్టి, మూతేసి, తల దువ్వుకునేదానికి పోయి మర్చిపోయినా. కాణిపాకం తీసుకపోయి ప్రమాణం చేయమన్నా ఇదే నిజం."

ఆమె నన్నే చూసింది. "ఇడ్లీ ప్లేట్లోనా?" అంది. తర్వాత ఆట బట్టల్లో చీరకొంగు లేదు కదా, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"నవ్వుతావేందే? నీ ఉద్యోగం పోతాండాది!"

"ఏడిస్తే మాత్రం ఉంటాదా అక్కా?"

నేను దిగ్గున లేచి అంపైరు దగ్గరికి పోయాను, షటిళ్ళు మార్చమని. ఆయన ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈక విరగలేదు, కార్కు ఊడలేదు. అవతలివాళ్ళు ఆడుతున్నారు కదమ్మా?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. పెట్టె ఇచ్చింది మేమే. నేను తిరిగొచ్చేసరికి ఆమె నవ్వు ఆపేసి లేచి నిలబడి ఉంది.

"ఉండేదాంతోనే ఆడాల. అక్కా, ఒకటి చెప్తా, కోపం చేసుకోవద్దు. నువ్వు ఎనక్కి పో. నీ చేతికి బలముండాది, నువ్వు కొడితే ఇది కూడా పోతాది. నేను ముందరికి వస్తా."

"నువ్వా? ముందరికా? నెట్ కాడ ఆడేది నీకు వస్తాదా?"

"కాలేజీలో మూడేండ్లు ఆడనే ఆడినా."

"మరి ఈ నాలుగేండ్లు నోట్లో ఏం పెట్టుకోనుండావు?"

ఆమె తల వంచుకుని రాకెట్టు తీగలు సర్దుకుంటూ చెప్పింది. "మొదటి దినమే 'నేను ముందర' అన్నావు. నువ్వు పర్మనెంటు, నేను టెంపరరీ. ఏమని అడిగేది?"

పిల్లలూ, నన్ను ఆఫీసర్లు తిట్టారు, చుట్టాలు తిట్టారు. మా నాయన ఒకసారి రాకెట్టు తీసి బావిలో పారేశాడు. ఏ రోజూ అంత సిగ్గుపడలేదు. నాలుగేళ్ళు పక్కన నిలబడిన మనిషిని, నువ్వు ఎక్కడ బాగా ఆడతావమ్మా అని ఒక్కసారి అడగలేదు నేను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. రాకెట్టు తీసుకుని వెనక గీత దగ్గరికి పోయాను.

రెండో గేములో నాకు ఆమె ఆట మొదటిసారి కనిపించింది. ముందర నిలబడి ఉన్నన్నాళ్ళూ ఆమె నా వీపు వెనక ఉండేది, కాబట్టి నేను చూసిందే లేదు. నెట్ దగ్గర ఆమె కొట్టేది కాదు. ఊరికే అట్లా రాకెట్టు పెట్టేది. ఆ తడి షటిల్ నెట్ మీద నుంచి అవతలికి జారి గుడ్డపేలికలా కిందపడేది. అవతలి పొడుగు మనుషులు వంగి ఎత్తేసరికి ఆలస్యమయ్యేది. ఎత్తినా వెనక నేనున్నాను, ఉన్న బలమంతా పెట్టి వెనక్కి తరిమేదాన్ని. నేను చెడగొట్టిన షటిళ్ళే ఆమె చేతిలో బంగారమయ్యాయి. అయితే పాత అలవాటు ఊరికే పోతుందా? రెండుసార్లు ఆమె షటిల్‌కి నేనూ ఉరికాను. ఒకసారి రాకెట్లు తగిలి ఆమె చూపుడువేలు చితికింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ తన చోటికి పోయింది. పదిహేను–పదకొండుతో ఆ గేము మాదైంది.

మూడో గేముకి గోడౌను హమాలీలు కూడా పని మానేసి మూటలెక్కి కూర్చున్నారు. మహిళల డబుల్స్‌కి ఈల వేసినవాళ్ళని నేను చూడటం అదే మొదలు. "అమ్మయ్యో, సిన్నమ్మ సూడబ్బా, పిల్లి మాదిరి పెడతాండాది!" అని ఒకాయన అరిచాడు. నాకు వచ్చే ఈలలు ఆమెకి వస్తున్నాయి. అబద్ధమెందుకు, లోపల ఒక మూల చురుక్కుమంది. ఆ చురుకును మింగి షటిల్ వైపు చూశాను.

పదమూడు–పన్నెండు. సర్వీసు మాది. ఆ కాలంలో సర్వీసు మన చేతిలో ఉంటేనే పాయింటు, ఆ కొట్టుడులో ఓడితే సర్వీసు అవతలివాళ్ళకి పోయేది. అవతలినుంచి షటిల్ కోర్టు మధ్యలోకి మెల్లగా, ఎత్తుగా లేచింది. నా ప్రాణానికి ఇష్టమైన షటిల్ అది. ఇరవై ఏళ్ళుగా అట్లాంటిది కనిపిస్తే నా కాళ్ళు నన్ను అడక్కుండా ఉరుకుతాయి. ఉరికాను. రెండడుగులు పడ్డాయి కూడా.

"నాదీ! నిలబడు!"

నాలుగేళ్ళలో ఆమె నా మీద గొంతెత్తింది అప్పుడే. అక్కా లేదు, గిక్కా లేదు. గోడౌను రేకులు అదిరేట్టు అరిచింది. నేను బిగుసుకుపోయి నిలబడ్డాను. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి, పైకెత్తిన రాకెట్టు పైనే. ఆమె ఒక్కడుగు వెనక్కేసి, ఒళ్ళంతా విల్లులా వంచి కొట్టింది. పెట్టడం కాదు, కొట్టింది. షటిల్ అవతలి ఇద్దరి మధ్యలో నేలకి తగిలి పక్కకి దొర్లింది. పద్నాలుగు.

ఆ తర్వాత పాయింటు నాకు సరిగ్గా గుర్తు లేదు. అవతలామె నెట్‌కి కొట్టిందని తర్వాత చెప్పారు. హమాలీలు కిందికి దూకారు, ఎవరో శెనక్కాయలు గుప్పిట్లతో మా మీద చల్లారు. నా జోడీ మాత్రం నా దగ్గరికొచ్చి భయంగా, "అక్కా, నిలబడు అని అరిసినా, ఏమనుకోవద్దు" అంది. ఆమెను గట్టిగా పట్టుకుని, "ఇంకో నాలుగు అరుపులు అరువు మే, బాకీ ఉండాయి" అన్నాను.

మర్నాడు ఫైనల్లో కొత్త షటిళ్ళు, బాగా ఎండినవి. అరగంటలో ఓడిపోయాం. నేను వెనకే ఆడాను. ఓడిపోయి నేనెప్పుడూ అంత సంతోషంగా ఇంటికి పోలేదు.

ఆఫీసరు మాట నిలబెట్టుకుని ఫైలు పంపించారు. కానీ ఫైలు అంత తొందరగా తిరిగి రాదు కదా. జూన్‌లో కొత్త టైపిస్టు వచ్చి చేరాడు. ఆమె కుర్చీ పోయింది. రెండు నెలలు ఆమె పిల్లలతో అత్తోళ్ళ పల్లెలోనే ఉంది. నేను వారానికొకసారి ఆఫీసరు గది తలుపు దగ్గర నిలబడేదాన్ని. "నీ మొహం చూస్తే భయమేస్తోందమ్మా, పై ఆఫీసుకి మళ్ళీ రాస్తాను" అనేవారాయన. వానలు పడ్డాక ఒకరోజు ఆర్డరు వచ్చింది. పర్మనెంటు. పోస్టింగు చిత్తూరు.

చదివి గంతేశాను. తర్వాత రెండోసారి చదివితే అర్థమైంది. టెంపరరీగా ఉన్నన్నాళ్ళూ ఆమెను ఎవరూ బదిలీ చెయ్యలేరు, పర్మనెంటు అయింది కాబట్టే చిత్తూరు ఇచ్చారు. భర్త అక్కడే, పిల్లలకి బడి అక్కడే, అంతకంటే మంచి పోస్టింగు లేదు. నా జోడీ మాత్రం పోయింది. ఆర్డరు తీసుకోవడానికి ఆమె వచ్చినప్పుడు, "నన్నొదిలేసి పోతాండావు కదే" అని అందరి ముందరా ఏడ్చాను. "నువ్వే కదక్కా పంపిస్తాండావు" అని ఆమె కూడా ఏడ్చింది. ఆఫీసరు మాత్రం ఇద్దరికీ కాఫీ తెప్పించారు.

తర్వాతి ఏడు పోటీలు చిత్తూరులో జరిగాయి. నాతో ఆడటానికి కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె దొరికింది. మొదటి రోజే, "నువ్వు ఎక్కడ ఆడతావమ్మా?" అని అడిగాను. బెదురుగా, "ముందర మేడం" అంది. సరే అని వెనక్కి పోయాను. రెండో రౌండులో మాకు ఎదురుపడింది చిత్తూరు డివిజను జోడీ. నెట్‌కి అవతల, ముందర, ఆమె.

చితకబాదింది మమ్మల్ని. ఆమె పెట్టే షటిళ్ళ కోసం వెనకనుంచి ముందుకి ఉరికీ ఉరికీ, పడీ లేచీ నా మోకాళ్ళు దోక్కుపోయాయి. రెండు గేముల్లోనే అయిపోయింది. నెట్ కింద నుంచి చేతులు కలిపి, ఇద్దరం స్కోరు కాగితం మీద సంతకాలు పెట్టడానికి బల్ల దగ్గరికి పోయాం. అందులో పేరు, పక్కన హోదా రాయాలి. అంతకు ముందు ఏ పోటీలోనైనా ఆమె హోదా రాసి, పక్కన బ్రాకెట్లో 'టెంపరరీ' అని తప్పకుండా రాయించేవాళ్ళు. ఆమె పెన్ను తీసుకుని 'టైపిస్టు' అని గుండ్రంగా రాసింది. ఆ పక్కన ఏమీ రాయలేదు. పెన్ను పైకెత్తి, ఆ ఖాళీ చోటు నాకు వేలితో చూపించింది.

రెండో రౌండులోనే ఓడిపోయినందుకు ఏడుస్తున్నానని మా జట్టువాళ్ళు అనుకున్నారు. అనుకోనీ అని ఊరుకున్నాను.